లేని ఓడకు కూరగాయలు

గూఢచారి కథలు చదవడం, చూడడం పరువు తక్కువ పని అని మన ఇళ్ళలో ఒక అభిప్రాయం వుంది. తెలుగు ఎం.ఏ. ప్యాసై కాలేజీలో ప్రబంధాలు పాఠం చెప్పే మనిషి కూడా అలాంటివి చూస్తుందని తెలిస్తే నలుగురూ ముక్కున వేలేసుకుంటారు. వేసుకుంటే వేసుకోనివ్వండి. మొన్న దసరా సెలవుల్లో నేను మా అబ్బాయి పక్కన కూర్చుని ఒక పాత అమెరికా టెలివిజన్ సీరియల్ మొదటి భాగం చూశాను. పేరు 'మిషన్: ఇంపాజిబుల్'. ఆ పేరుతో ఈ మధ్య వచ్చిన సినిమాలు మీ పిల్లలు చూసే వుంటారు. వాటన్నిటికీ తాతగారు ఈ సీరియల్. 1966 సెప్టెంబరు 17న మొదలై 1973 దాకా 171 భాగాలు నడిచింది.

ఆ మొదటి భాగం కథ టూకీగా ఇది. సాంటా కోస్టా అని ఒక దేశం. భూగోళంలో వెతక్కండి, దొరకదు. అక్కడొక నియంత. అతనికి శత్రువులెవరో ఇచ్చిన రెండు అణుబాంబుల్ని ఒక హోటల్లోని ఇనప గదిలో దాచాడు. వాటిని అక్కణ్ణించి మాయం చెయ్యాలి. దీనికి పూనుకున్న వాళ్ళు ఎవరంటారు? ఒక వేషగాడు, ఒక అందగత్తె, ఒక యంత్రాల నిపుణుడు, ఒక బలశాలి, తాళాలు విప్పడంలో ఆరితేరిన దొంగ ఒకడు. వీళ్ళ మీద ఒక నాయకుడు. పెట్టెలో మనిషిని పెట్టి, ఆ పెట్టెను విలువైన సామాను అని చెప్పి, హోటలు వాళ్ళ చేతనే ఇనప గదిలోకి మోయిస్తారు. వేషగాడు సాక్షాత్తూ ఆ నియంతలాగే తయారవుతాడు. అంతా సవ్యంగా సాగుతుందనుకునే వేళకు తాళాలు విప్పేవాడి వేళ్ళు దెబ్బతింటాయి. నాయకుడే పెట్టెలోకి దూరవలసి వస్తుంది. తక్కిన కథ చెప్పను. చూసుకోండి.

నన్ను ఆకట్టుకున్నది తుపాకులూ కార్లూ కాదు. వాళ్ళు చేసే పనల్లా ఒక నాటకం ఆడడం. రంగస్థలం కట్టి, దీపాలు పెట్టి, వేషాలు వేసి, శత్రువును ముందు వరసలో కూర్చోబెడతారు. తాను ప్రేక్షకుణ్ణని అతగాడికి తెలియదు. కళ్ళారా చూశాను గదా అని నమ్ముతాడు. అలా నమ్మినవాణ్ణి ఎవరూ కొట్టనక్కర లేదు. తానే నడిచివెళ్ళి గోతిలో పడతాడు.

"ఇది మనవాళ్ళు ఎప్పుడో రాశారురా" అన్నాను మా అబ్బాయితో. వాడు "మొదలెట్టావా అమ్మా" అన్నట్టు చూశాడు. అయినా చెప్పాను. విశాఖదత్తుడి 'ముద్రారాక్షసం' వుంది. పేరులో విశాఖ వున్నంత మాత్రాన ఆయన్ని మన వూరివాణ్ణి చేసుకోలేం గాని, ఈ విద్యలో ఆయన్ని మించినవాడు లేడు. చాణక్యుడి వేగులవాడొకడు యమపటం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ రాక్షసమంత్రి ముద్దుటుంగరం సంపాదిస్తాడు. శకటదాసు అనే రాక్షసుడి మనిషి చేతనే, ఎవరికి ఎవరు రాశారో లేకుండా ఒక జాబు రాయిస్తారు. దానిమీద ఆ ఉంగరంతో ముద్ర పడుతుంది. ఆ జాబు వెళ్ళి సరిగ్గా పట్టుబడవలసిన చోట పట్టుబడుతుంది. అంతే, రాక్షసుణ్ణి నమ్ముకున్న మలయకేతుడు అతణ్ణి దూరం చేసుకుంటాడు. ఒక్క ఉంగరం, ఒక్క కాగితం. నాయిక కూడా లేని ఈ నాటకం సంస్కృతంలో అన్ని వందల ఏళ్ళు నిలిచిందంటే కారణం ఈ తంత్రమే.

మన తెలుగువాళ్ళకూ ఈ రుచి కొత్తది కాదు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ ఎన్ని మధ్యాహ్నాల నిద్ర చెడగొట్టాడో మన పెద్దవాళ్ళకు తెలుసు. తరువాత తరానికి మధుబాబుగారి షాడో. ఇక ఆ 1966లోనే, అమెరికాలో ఈ సీరియల్ మొదలవడానికి నెల ముందు, ఆగస్టులో మన 'గూఢచారి 116' వచ్చింది. కృష్ణ, జయలలిత నటించారు. మల్లికార్జునరావు దర్శకుడు. మరుసటేడు అదే కథ 'ఫర్జ్' పేరుతో హిందీలోకి వెళ్ళింది. బాండుగారిది 007 అయితే మనవాడిది నూట పదహారు. చదివింపుల పళ్ళెంలో వేసే అంకె! గూఢచారిని తెలుగువాణ్ణి చెయ్యడానికి ఇంతకంటె ఏం కావాలి?

"ఇవన్నీ కథలేగా అమ్మా! నిజంగా ఇలాంటివి ఎక్కడ జరుగుతాయి?" అన్నాడు వాడు.

ఎక్కడో ఎందుకు, మన వూళ్ళోనే జరిగింది. మేడమీద నిలబడితే కనిపించే సముద్రంలో జరిగింది. ఈ వారం మీకు చెప్పదలచుకున్నది అదే.

1971 నాటి విశాఖపట్నాన్ని ఒకసారి తలుచుకోండి. ఉక్కు కర్మాగారం అప్పటికి ఇంకా లేదు. ఆ ఏడు జనవరి 20న ఇందిరాగాంధీగారు శంకుస్థాపన చేసి వెళ్ళారు, అంతే. వున్నవల్లా రేవు, ఓడలు కట్టే షిప్‌యార్డు, చమురు శుద్ధి కర్మాగారం, యూనివర్సిటీ, వీటితో పాటు తూర్పు నౌకాదళం. ఆ దళానికి అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్. ఆయన చేతిలో వున్న అసలైన ఆస్తి ఒకటే: విమానవాహక నౌక 'విక్రాంత్'. దాని బాయిలర్లలో ఒకదానికి పగులు వుంది. పూర్తి వేగంతో పోలేదు. అయినా బంగాళాఖాతంలో యుద్ధం వస్తే ఆ ఓడే దిక్కు.

పాకిస్తాన్‌కు ఆ సంగతి తెలుసు. వాళ్ళ దగ్గర 'ఘాజీ' అనే జలాంతర్గామి వుంది. అమెరికావాళ్ళు రెండో ప్రపంచయుద్ధ కాలంలో 'డయాబ్లో' అనే పేరుతో కట్టి, 1960లలో వాళ్ళకు అద్దెకిచ్చింది. కరాచీలో బయలుదేరి, సింహళం చుట్టి, బంగాళాఖాతం చేరి పనిచేసి రాగల సత్తా వాళ్ళ జలాంతర్గాముల్లో దాని ఒక్కదానికే వుంది. 1971 నవంబరు 14న అది కరాచీ విడిచింది. వేట విక్రాంత్ కోసం.

మరి ఈ సంగతి మనవాళ్ళకు ఎలా తెలిసింది? ఇక్కడే కథ రుచికి వస్తుంది. పాకిస్తాన్ నౌకాదళం వాళ్ళు చిట్టగాంగుకు పంపిన ఒక సందేశాన్ని మనవాళ్ళు పట్టుకున్నారట. అందులో ఒక రకం కందెన నూనె గురించి వాకబు వుంది. ఆ నూనె వాడేది జలాంతర్గాములూ, మైన్లు తీసే ఓడలూ మాత్రమే. ఆ వైపు మైన్లు తీసే ఓడలు లేవు. అయితే ఆ నూనె ఎవరికి? జవాబు దానంతటదే వచ్చింది. చూశారా, ఒక దేశం గుట్టు నూనె డబ్బా దగ్గర బయటపడింది!

కృష్ణన్‌గారు చేసిన పని మొదట విక్రాంత్‌ను దూరంగా పంపివెయ్యడం. అది అండమాన్ దీవుల్లో ఒక మారుమూల రేవులో తల దాచుకుంది. రెండోది, అది విశాఖపట్నంలోనే వుందని శత్రువు నమ్మేటట్టు చెయ్యడం. లేని ఓడను వున్నట్టు చూపించాలి. ఇదీ నాటకం. యుద్ధం అయ్యాక ఆయనే ఒక పుస్తకంలో దీన్నంతా రాసుకున్నారు.

ఆయన ఏం చేశారంటే, వూళ్ళో నౌకాదళానికి సరుకులు వేసే కంట్రాక్టర్లను పిలిపించి ఎన్నడూ లేనంత మాంసం, కూరగాయలు తెమ్మని పురమాయించారు. వాళ్ళు తెల్లబోయారట. తెల్లబోరూ మరి! వందల మంది భోంచేసే పెద్ద ఓడ రేవులో వుంటే తప్ప అన్ని కూరగాయలు ఎవరికి? బజారులో ఒక మాట పుడితే అది ఎక్కడెక్కడికి పోతుందో మీకు నేను చెప్పాలా? శత్రువు చెవులు ఆ బజారులో ఎక్కడో వుంటాయని ఆయన నమ్మకం. ఆనాడు ఏ కూరలు తెప్పించారో పుస్తకంలో లేదు గాని, మన వూరి బజారు కాబట్టి వంకాయలూ గుమ్మడికాయలూ వుండే వుంటాయని నా వూహ. ఒక విమానవాహక నౌకకు వంకాయలు మారువేషం వెయ్యడం ప్రపంచ యుద్ధ చరిత్రలో మరోచోట వుందో లేదో!

పాత డిస్ట్రాయర్ 'రాజపుత్' ఆ రోజుల్లో విశాఖలోనే వుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి ఇంగ్లీషు ఓడ అది. స్వాతంత్య్రం వచ్చాక మనం కొనుక్కున్నాం. పదవీ విరమణకు దగ్గర పడిన గుమాస్తాలాంటిది. లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ దాని అధిపతి. ఆ ఓడకు విక్రాంత్ వేషం కట్టారు. సముద్రంలోకి 160 మైళ్ళు పోయి, ఒక మహానౌక మాట్లాడినంతగా వైర్‌లెస్‌లో సందేశాలు గుప్పించింది. చెవిన వినేవాడికి అది విక్రాంతే.

అన్నిటికంటె నన్ను నిలేసిన అంకం ఇంకొకటి వుంది. విక్రాంత్ మీది నావికుడొకడు ఇంటికి ఇచ్చుకున్నట్టుగా ఒక సొంత టెలిగ్రాం కల్పించి, రహస్య లిపి లేకుండా పంపించారు. మా అమ్మకు ప్రాణం మీదికి వచ్చిందని విన్నాను, ఎలా వుంది అని దాని సారాంశం. నావికుడు లేడు. ఆ అమ్మా లేదు. కాని వినేవాడు ఏమనుకుంటాడు? కన్నతల్లి మీది బెంగతో కుర్రాడు నిబంధన తప్పాడు, ఓడ ఇక్కడే వుందని బయటపెట్టేశాడు పాపం అనుకుంటాడు. ముద్రారాక్షసంలో ఉంగరం చేసిన పని ఇక్కడ తల్లి పేరు చేసింది.

డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన విమానాశ్రయాల మీద దాడి చేశాయి. ఆ అర్ధరాత్రి రాజపుత్ చమురు నింపుకుని, దీపాలు లేకుండా, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా రేవు దాటి సముద్రంలోకి వచ్చింది. ముందు నీళ్ళలో ఏదో కదలిక కనిపించింది. వెంటనే పక్కకు తిరిగి రెండు డెప్త్ చార్జీలు వదిలింది. అంటే నీళ్ళలో దిగి లోతున పేలే బాంబులు. తన దారిన తాను పోయింది. కొద్ది నిమిషాలకు, పన్నెండుంబావు ప్రాంతంలో, సముద్రం అడుగునుంచి బ్రహ్మాండమైన పేలుడు.

ఆ పేలుడు మా అత్తగారు విన్నారు.

అప్పటికి ఆవిడకు పందొమ్మిదేళ్ళు. పాతపోస్టాఫీసు దగ్గర కాపురం. మావారు ఆవిడ కడుపులో వున్నారు, ఆరో నెల. కిటికీలకు నల్ల కాగితాలు అంటించి, దీపం మీద గుడ్డ కప్పి, ఇందిరాగాంధీ మాట్లాడతారంటే రేడియో చుట్టూ ఇంటిల్లిపాదీ కూర్చున్నారట. కిటికీ రెక్కలు గడగడలాడాయి. భూకంపమేమోనని వీధిలోకి పరుగెత్తారు. చీకట్లో వీధి వీధంతా మనుషులే. ఒకరి మొహం ఒకరికి కనిపించదు. తెల్లవారాక చేపలకు వెళ్ళినవాళ్ళ నోటినుంచి, నీళ్ళమీద నూనె తేలుతోందనీ ఏవో ముక్కలు తేలుతున్నాయనీ కబురు వచ్చింది.

ఘాజీ మునిగింది. అందులో వున్న తొంభై మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదు. వాళ్ళు ఎవరి కోసం వచ్చారో ఆ విక్రాంత్, అదే డిసెంబరు 4న అండమాన్ల వైపునుంచి కదిలి, తన విమానాలతో కాక్సెస్ బజారు మీద దాడి చేసింది.

ఘాజీని ముంచింది ఏది? ఇక్కడ అభిప్రాయాలు రెండుగా చీలిపోయాయి. రాజపుత్ వదిలిన డెప్త్ చార్జీలేనని మన నౌకాదళం మొదటినుంచీ చెప్పిన మాట. కాదు, తాను పరిచిన మైన్ల మీద తానే పడిందనో, లోపలే ఏదో పేలిందనో పాకిస్తాన్ వాదన. మనవాళ్ళలోనూ రిటైరైన అధికారులు కొందరు లోపలి పేలుడే అయివుంటుందని రాశారు. టెలివిజన్ కథలో అయితే ఆఖరి నిమిషంలో నాయకుడు కారెక్కుతూ ఒక చిరునవ్వు నవ్వుతాడు, చిక్కుముడులన్నీ విడిపోతాయి. సముద్రం అలా విప్పి చెప్పదు. ఏది పేలినా, ఆ జలాంతర్గామి మన రేవు గుమ్మం దాకా రావడానికి కారణం లేని ఓడ వుందని నమ్మడమే. ఆ మేరకు కృష్ణన్‌గారి నాటకం రక్తి కట్టింది.

2017లో సంకల్ప్ రెడ్డి ఈ కథ మీద 'ఘాజీ' సినిమా తీశారు. జాతీయ బహుమతి వచ్చింది. చక్కని సినిమా. ఊపిరి బిగపట్టి చూశాం. కాని అందులో మన జలాంతర్గామి ఒకటి వెళ్ళి, నీళ్ళ అడుగున ఘాజీతో తలపడి గెలుస్తుంది. అది సినిమా కోసం కల్పించిన పోరు. కల్పించే హక్కు వాళ్ళకుంది, తప్పు పట్టను. నా బాధల్లా కూరగాయల కంట్రాక్టరు తెరమీదికి రాలేదనే. నిజంగా జరిగినదానిలో మన వూరి బజారుకు ఒక వేషం వుంది, సినిమాలో లేదు. యుద్ధం అంటే ఎదురెదురుగా నిలబడి కొట్టుకోవడమే అని మన పిల్లలు అనుకుంటే, బుద్ధితో చేసే యుద్ధం ఎలా వుంటుందో వాళ్ళకు చెప్పేవాళ్ళుండరు.

అయితే చెప్పేటప్పుడు రెండో సగం కూడా చెప్పాలి. ఇది నాకు తట్టిన మాట కాదు. మేం సీరియల్ చూస్తున్నప్పుడు మా అత్తగారు పక్కనే వత్తులు చేసుకుంటూ కూర్చున్నారు. నేను మా అబ్బాయికి టెలిగ్రాం సంగతి చెబుతూంటే చెయ్యి ఆపి విన్నారు.

"ఆ తంతిలో తల్లి అబద్ధం అన్నావా?" అన్నారు.

"అవునత్తయ్యా, వుత్తుత్తి కల్పన."

"ములిగిపోయిన వాళ్ళకి మాత్రం తల్లులు నిజంగానే వుండుంటారు గదే అమ్మాయ్. వాళ్ళకి తంతి ఎవరిచ్చారో?"

నేను జవాబు చెప్పలేదు. నా దగ్గర వుంటే గదా. ఆవిడ పాకిస్తాన్ మీద జాలిపడే మనిషి కాదు. ఆ రాత్రి ఘాజీ గురి తప్పకపోతే పోయేది మన పిల్లలేనని ఆవిడకు నాకంటె బాగా తెలుసు. విక్రాంత్ మీద వున్నవాళ్ళ తల్లులు ఆ ఏడు సంక్రాంతికి కొడుకుల కోసం ఎదురుచూడగలిగారంటే అది ఆ అబద్ధం పెట్టిన భిక్షే. రెండూ నిజమే. ఆరు నెలల కడుపుతో వీధిలో నిలబడి ఆ చప్పుడు విన్న మనిషి ఆవిడ. ఈ లెక్క అడిగే హక్కు ఆవిడకు వుంది.

మా అబ్బాయి మాత్రం కాసేపటికి, "అమ్మా, వాళ్ళు ఇంకా అక్కడే వున్నారా?" అన్నాడు. ఉన్నారు. ఆ జలాంతర్గామి మన తీరానికి ఎంతో దూరంలో లేదు. ఇసుకలో కూరుకుని ఇప్పటికీ అక్కడే వుంది. మనం సాయంత్రాలు బీచిలో ముంత కింద పప్పు తింటూ చూసే నీళ్ళు అవే.

ఈ డిసెంబరులో నౌకాదళం వాళ్ళ పండుగ చూడ్డానికి పిల్లల్ని తీసుకుని బీచి రోడ్డుకు ఎలాగూ వెళ్తారు. 1996లో కట్టిన 'విక్టరీ ఎట్ సీ' స్మారకం దగ్గర ఆగండి. లేని ఓడను వున్నట్టు చూపించిన వాళ్ళ తెలివిని మనసారా మెచ్చుకుని, కూరగాయల కథ చెప్పి నవ్వించండి. ఆ తరువాత పక్కనే వున్న 'కుర్సురా'లోకి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళండి. మన జలాంతర్గామి అది. పని చాలించాక 2002లో ఒడ్డుకు తెచ్చి మ్యూజియం చేశారు. పొడవులో ఇంచుమించు ఘాజీ అంతే. లోపల పక్కకు తిరిగితే గాని ఇద్దరు తప్పుకోలేరు. అరలలాగా ఒకదానిమీద ఒకటి వున్న పడకలు చూపించండి. రేవు బయట మునిగిన దానిలోనూ పడకలు ఇలాగే వుంటాయని, తొంభై మందికి పైగా అక్కడ వున్నారని చెప్పండి. ఎక్కువ మాటలు అక్కర లేదు.

మా అబ్బాయికి ఆ సీరియల్లో ఇంకా 170 భాగాలు మిగిలే వున్నాయి. చూస్తాడు, నేనూ చూస్తాను. మా అత్తగారు కూడా చూస్తానన్నారు. కాకపోతే ప్రతి భాగం అయ్యాక, "ఆ మోసపోయినాడి సంగతి ఏమైంది?" అని అడుగుతున్నారు. ఆ సీరియల్ రాసినవాళ్ళకు ఆ ప్రశ్న తట్టలేదు కాబోలు, వాడు ఏమయ్యాడో చాలాసార్లు చెప్పరు.